‘ఎట్లొచ్చింది?’ అని అడిగితే చెప్పగలిగే కోడ్

సీఎస్ఈలో చేరి ఏడాదిన్నర అయింది. ఈ ఏడాదిన్నరలో నేను గమనించింది ఒకటుంది. మనకు కోడ్ రాయడం నేర్పిస్తారు కానీ, చదవడం ఎవరూ నేర్పించరు. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రాస్తాం, అవుట్‌పుట్ వస్తుంది, రికార్డులో సంతకం పడుతుంది, అంతే. ఆ ప్రోగ్రామ్‌ను మళ్లీ ఎవరూ తెరవరు. బయట జనం వాడే సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. ఒకరు రాసింది ఇంకొకరు చదవాలి, మూడో మనిషి మార్చాలి, నాలుగో మనిషి ఆ మార్పు వల్ల ఏదైనా చెడిపోయిందేమో చూడాలి. రాసిన మనిషి అప్పటికి వేరే ఊళ్లో, వేరే ఉద్యోగంలో ఉంటాడు.

సాహిత్య క్లబ్ పత్రికలో కోడ్ గురించి ఏంటి అని మీకు అనిపించొచ్చు. డోనాల్డ్ నూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1984లో ‘లిటరేట్ ప్రోగ్రామింగ్’ అనే వ్యాసం రాశారు. ప్రోగ్రామ్‌ను సాహిత్యంలా చూడాలనీ, కంప్యూటర్‌కు ఆజ్ఞలు ఇవ్వడం కంటే మనం ఏం చేయాలనుకుంటున్నామో సాటి మనిషికి వివరించడం ముఖ్యమనీ ఆయన వాదన. కాబట్టి నేను సరైన చోటికే వచ్చాననుకుంటున్నా. నేను చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం. తెలుగులో రాయడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను. భాష కాస్త అటూ ఇటూగా ఉంటే సర్దుకుని చదవండి.

పేరు సరిగ్గా పెట్టకపోతే

మాది ఆలూరు. చేవెళ్ల మండలం, హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు మీద ఉంటుంది. ‘ఆలూరు’ అని మాత్రమే చెప్తే సరిపోదు. కర్నూలు జిల్లాలో ఒక ఆలూరు ఉంది, నిజామాబాద్ జిల్లాలో ఇంకొకటి, కర్ణాటకలో హాసన్ దగ్గర మరొకటి. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్ వాడతారు. అందుకే మేం బయట ఎవరికైనా చెప్పేటప్పుడు ‘చేవెళ్ల దగ్గరి ఆలూరు’ అంటాం. మాట కాస్త పొడుగైనా పర్లేదు, వినేవాళ్లకు అనుమానం మిగలదు.

కోడ్‌లో వేరియబుల్‌కు పేరు పెట్టడం కూడా ఇంతే. ‘ఎ’, ‘టెంప్’, ‘డేటా2’ లాంటి పేర్లు వట్టి ‘ఆలూరు’ లాంటివి. రాసిన రోజు మనకు గుర్తుంటుంది, నెల తర్వాత మనకే గుర్తుండదు.

ఇంకో ఉదాహరణ చెప్తాను. ఒక రైతు భూమి వివరాలు ఎక్కించే ప్రోగ్రామ్‌లో ఇలా ఉందనుకోండి:

విస్తీర్ణం = 2.20

మన తెలంగాణలో పాస్‌బుక్కులో 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. అదే సెంట్ల లెక్క నడిచే ఆంధ్రలో ఎవరైనా చూస్తే రెండు ఎకరాల ఇరవై సెంట్లు అనుకుంటారు. అక్కడ వంద సెంట్లు ఒక ఎకరం. కంప్యూటర్‌కు ఈ రెండూ తెలియవు, దానికి అది వట్టి దశాంశ సంఖ్య. 2.20కి 1.30 కలపమంటే 3.50 అంటుంది. మన గుంటల లెక్కలో ఇరవై, ముప్పై కలిపితే యాభై గుంటలు, అంటే ఒక ఎకరం పది గుంటలు. కాబట్టి సరైన జవాబు నాలుగు ఎకరాల పది గుంటలు. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, కాగితం మీద మాత్రం భూమి తగ్గిపోతుంది. ‘ఎకరాలు’, ‘గుంటలు’ అని రెండు వేర్వేరు పేర్లు పెట్టి ఉంటే ఈ సమస్యే ఉండదు.

ఇలాంటి తప్పు చాలా పెద్ద చోట కూడా జరిగింది. 1999 సెప్టెంబరు 23న నాసావాళ్ల ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అంగారకుడి దగ్గరకు చేరిన సమయంలోనే పోయింది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ లెక్కలను పౌండ్లలో ఇచ్చింది. వాటిని అందుకున్న ఇంకో బృందం సాఫ్ట్‌వేర్ అవి న్యూటన్లలో ఉన్నాయనుకుంది. రెండు బృందాల్లోనూ తెలివైనవాళ్లే ఉన్నారు. అయినా ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి అంకె వెళ్లింది కానీ, దాని కొలమానం వెళ్లలేదు.

పాల లెక్క

నాకు ఈ విషయం బాగా అర్థమైంది ఒక పాల కేంద్రంలో. మా వైపు కూరగాయలతో పాటు పాడి కూడా ఉంటుంది. ఒక ఊళ్లోని పాల కేంద్రం (పేరు అవసరం లేదు) పాత బ్యాచ్ వాళ్లెవరో ప్రాజెక్టుగా చేసిచ్చిన చిన్న ప్రోగ్రామ్ వాడుతోంది. దాన్ని బాగుచేయడం మా నలుగురి మినీ ప్రాజెక్ట్.

గేదె పాలకు డబ్బులు లీటర్లను బట్టే కాదు, వెన్న శాతాన్ని బట్టి కూడా ఇస్తారు. పాలు పోసేవాళ్లంతా ‘ఫ్యాట్ ఎంతొచ్చింది?’ అని అడిగేది అందుకే. లెక్క తేలిగ్గా ఉండటానికి గుండు అంకెలు చెప్తాను. పూటకు 4 లీటర్లు, వెన్న 6.5 శాతం, ఒక్కో పాయింట్‌కు 8 రూపాయలు అనుకుందాం. 4 × 6.5 × 8 = 208 రూపాయలు. రేటు 8.20కి పెరిగితే 213 రూపాయల 20 పైసలు.

మేం కేంద్రానికి వెళ్లిన రోజు ఒక పెద్దమ్మ పక్షం రోజుల బిల్లు పట్టుకుని వచ్చింది. పూటపూటకు ఇచ్చిన స్లిప్పులన్నీ రబ్బరు బ్యాండ్ వేసి దాచింది. స్లిప్పులు కలిపితే ఒక మొత్తం, బిల్లులో ఇంకో మొత్తం. “ఇది ఎట్లొచ్చింది బిడ్డా?” అని అడిగింది. కేంద్రంలో కూర్చునే అన్న దగ్గర జవాబు లేదు. “కంప్యూటర్ల అట్లనే చూపిస్తుంది పెద్దమ్మా” అన్నాడు. అతని తప్పేమీ లేదు, అతనికి కనిపించేది స్క్రీన్ ఒక్కటే.

కోడ్ తెరిచాం. డబ్బు లెక్కగట్టే సూత్రం మూడు చోట్ల విడివిడిగా రాసి ఉంది. స్లిప్పులో ఒకటి, ఫోన్‌కు వెళ్లే మెసేజ్‌లో ఒకటి, పక్షం బిల్లులో ఒకటి. మొదటి రెండూ రేటును సెట్టింగ్స్ నుంచి తీసుకుంటున్నాయి. మూడోది మాత్రం ఇలా ఉంది:

టి = ఎ * బి * 8

కేంద్రం వాళ్లు సెట్టింగ్స్‌లో రేటు పెంచారు. స్లిప్పు మారింది, బిల్లు మారలేదు. నేను చెప్పిన గుండు అంకెల ప్రకారం పూటకు 5 రూపాయల 20 పైసలు తేడా, పదిహేను రోజులకు ముప్పై పూటలు, అంటే 156 రూపాయలు. అది ఒక్క ఇంటి లెక్క. ఈ లైన్ దొరకడానికి మా నలుగురికి రెండు సాయంత్రాలు పట్టింది. ‘టి’ అంటే ఏంటో, ‘బి’ అంటే బఫెలోనా, బిల్లా, బట్టర్‌ఫ్యాటా అని ఊహిస్తూ కూర్చోవడంతోనే ఎక్కువ టైమ్ పోయింది.

ఇప్పుడు ఆ లెక్క ఒక్క ఫంక్షన్‌లో, ఒక్క చోటే ఉంది:

పూట_డబ్బు = లీటర్లు * వెన్న_శాతం * పాయింట్_రేటు

స్లిప్పు, మెసేజ్, బిల్లు మూడూ దాన్నే పిలుస్తాయి. రేటు మారితే అన్నిటికీ ఒకేసారి మారుతుంది. (పైథాన్ 3లో తెలుగు పేర్లు నిజంగానే పని చేస్తాయి, 2008లో అది వచ్చినప్పటి నుంచీ. మా అసలు కోడ్‌లో ఇంగ్లీష్ పేర్లే ఉన్నాయి. ఇక్కడ మీ కోసం తెలుగులో రాశాను.)

పాఠ్యపుస్తకాల్లో ‘ఒకే విషయాన్ని రెండు చోట్ల రాయొద్దు’, ‘ఒక ఫంక్షన్ ఒకే పని చేయాలి’ అని ఉంటుంది. పరీక్షకు బట్టీ కొట్టి రాసేస్తాం. అసలు కారణం ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నలో ఉంది. ‘ఎట్లొచ్చింది?’ అంటే కోడ్‌లో ఒక చోటు చూపించి, ఇదిగో ఇట్ల వచ్చింది అని చెప్పగలగాలి. మూడు చోట్లు చూపించాల్సి వస్తే మన దగ్గర మూడు జవాబులు ఉన్నట్టు.

కామెంట్ ఎందుకు రాయాలి?

పై లైన్ మీద ‘లీటర్లను వెన్న శాతంతో గుణిస్తున్నాం’ అని కామెంట్ రాస్తే దండగ. అది లైన్ చూస్తేనే తెలుస్తోంది. కోడ్ ఏం చేస్తోందో కోడే చెప్పాలి. ఎందుకు అలా చేస్తోందో మాత్రం కామెంట్ చెప్పాలి.

మా ప్రాజెక్టులోదే ఒకటి చెప్తా. డబ్బును మేం రూపాయల్లో కాకుండా పైసల్లో, పూర్ణ సంఖ్యగా దాచుతున్నాం. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, ‘సరిచేద్దాం’ అని రూపాయల్లోకి మార్చేస్తారు. అందుకే అక్కడ కామెంట్ పెట్టాం. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను లోపల ద్విసంఖ్యామానంలో దాచుతుంది. 0.1ని అందులో కచ్చితంగా రాయలేం, మనం మూడో వంతును దశాంశంలో 0.333… అని రాసుకుంటూ పోయినట్టే. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది. ఒక్క లెక్కలో ఇది కనపడదు. వందల పూటలు కలుపుతూ, రౌండ్ చేస్తూ పోతే పైసలు అటూ ఇటూ అవుతాయి. కారణం రాసి పెట్టకపోతే, రేపు ఒక మంచి ఉద్దేశంతోనే ఎవరో ఒకరు పాత సమస్యను మళ్లీ తెస్తారు.

నలుగురు ఒకే ఫైల్ మీద

టీమ్ ప్రాజెక్ట్ అనగానే మనలో చాలామంది చేసేది తెలుసు కదా. వాట్సాప్ గ్రూపులో జిప్ ఫైల్. ‘ఫైనల్’, ‘ఫైనల్2’, ‘నిజంగా ఫైనల్’. ఏది కొత్తదో దేవుడికే తెలియాలి.

దీనికి మందు గిట్. లైనక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీన్ని రాశారు. లైనక్స్ కెర్నల్ మీద ప్రపంచమంతా ఉన్న ప్రోగ్రామర్లు పని చేస్తారు. అప్పటిదాకా వాళ్లు వాడుతున్న టూల్ ఉచితంగా దొరకడం ఆగిపోవడంతో సొంతంగా తయారుచేసుకోవాల్సి వచ్చింది.

గిట్‌ను కిరాణా కొట్టు పద్దు పుస్తకం అనుకోండి. మంచి పద్దు పుస్తకంలో కొట్టివేతలు ఉండవు. తప్పు పడితే కింద ఇంకో పద్దు రాసి సరిచేస్తారు. గిట్‌లో ఆ పద్దు పేరు కమిట్. ఎవరు, ఎప్పుడు, ఏ లైన్ మార్చారో అందులో ఉంటుంది. బ్రాంచ్ అంటే మీరు విడిగా చిత్తు పని చేసుకునే కాపీ. బాగుందనుకున్నాక అసలు పుస్తకంలో కలుపుతారు, అదే మెర్జ్. ఇద్దరు ఒకే లైన్‌ను రెండు రకాలుగా మార్చితే గిట్ తీర్పు చెప్పదు, ‘మీరే మాట్లాడుకోండి’ అని ఆగిపోతుంది. కొత్తవాళ్లు మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌ను చూసి భయపడతారు కానీ, ఒకరి పనిని ఇంకొకరు తెలియకుండా చెరిపేయకుండా కాపాడేది అదే.

ప్రతి కమిట్‌తో ఒక చిన్న మెసేజ్ రాయాలి. ‘మార్పులు చేశాను’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘పక్షం బిల్లు కూడా రేటును సెట్టింగ్స్ నుంచే తీసుకునేలా మార్చాం, స్లిప్పుకూ బిల్లుకూ తేడా వస్తోంది’ అని రాస్తే రెండేళ్ల తర్వాత చదివేవాళ్లకు కథ మొత్తం తెలుస్తుంది.

రివ్యూలో ఎలా మాట్లాడాలి?

కలిపే ముందు ఒకరి కోడ్‌ను ఇంకొకరు చదవడమే కోడ్ రివ్యూ. మా టీమ్‌లో ఇది మొదట్లో గొడవలకు దారి తీసింది. ఫ్రెండ్స్ మధ్య “ఏంద్రా ఇది, ఇట్ల రాసినవ్” అనేస్తాం, ఎదుటివాడు ముఖం ముడుచుకుంటాడు. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. మనిషి గురించి కాదు, లైన్ గురించి మాట్లాడాలి. తీర్పు కాదు, ప్రశ్న అడగాలి. “నువ్వు తప్పు రాశావ్” అనకుండా “ఇక్కడ వెన్న శాతం ఖాళీగా వస్తే ఏమవుతది?” అనడం. రెండోదానికి కోపం రాదు, ఆలోచన వస్తుంది. ఒక్కోసారి రాసినవాళ్ల దగ్గర మంచి జవాబే ఉంటుంది. అప్పుడు ఆ జవాబును కామెంట్‌గా రాయమంటాం, ఎందుకంటే అదే ప్రశ్న ఇంకొకరికీ వస్తుంది.

ఇంకోటి, మార్పు చిన్నగా ఉండాలి. ఐదు వందల లైన్లు ఒకేసారి పంపితే అందరూ ‘బాగుంది’ అని పెట్టేస్తారు, ఎవరూ చదవరు. ఇరవై లైన్లు పంపి చూడండి, ఐదు ప్రశ్నలు వస్తాయి.

మన తెలుగులో జరిగిన కథ

కలిసి రాయడం అంటే పక్కపక్కన కూర్చోవడమే కాదు. ఒకరినొకరు ఎప్పుడూ కలవని మనుషులు కూడా కలిసి ఒక వస్తువు తయారు చేయొచ్చు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతి తయారుచేశారు, దాన్నే ఆర్‌టీఎస్ అంటారు. తర్వాత వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. పాత వెబ్‌సైట్లలో ఒక్కో ఫాంట్‌కు ఒక్కో రకంగా ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చడం దాని పని. వీవెన్ గారు ఆ ‘పద్మ’ ఆధారంగా 2006లో ‘లేఖిని’ చేశారు. ఇంగ్లీష్ కీబోర్డు మీద కొడితే తెలుగు వచ్చేది. ఎంతోమంది అలాగే తెలుగులో టైపు చేయడం మొదలుపెట్టారు. ఒకరి పనిని ఇంకొకరు తెరిచి, చదివి, అర్థం చేసుకుని దాని మీద కట్టగలిగారు కాబట్టే ఇదంతా జరిగింది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా అలాంటిదే. ఏ పేజీ తీసుకున్నా ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర ఉంటుంది, ప్రతి మార్పుకు సారాంశం రాసే చోటు ఉంటుంది, వాదించుకోవడానికి చర్చ పేజీ ఉంటుంది. అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి వాళ్లు పెట్టిన పేరు ‘రచ్చబండ’. కమిట్, కమిట్ మెసేజ్, కోడ్ రివ్యూ అని మనం చదువుకునేవి వేరే పేర్లతో అక్కడ ఉన్నాయి. పైగా ‘రచ్చబండ’ అనే పేరు చూడగానే అక్కడ ఏం జరుగుతుందో ఎవరూ వివరించక్కర్లేదు. పేరు పెట్టడం అంటే అదీ.

మన అక్షరాలతో పరీక్షించండి

చివరగా టెస్టింగ్. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం వల్ల క్రాష్ అయ్యాయి. యూనికోడ్‌లో ‘జ్ఞా’ అనేది జ, హల్లు గుర్తు, ఞ, దీర్ఘం అని నాలుగు ముక్కలు. మనకు ఒక అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు. ఆ ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక ప్రత్యేక గుర్తు ఉంటే ఫోన్ దాన్ని ఎలా గీయాలో తెలియక యాప్ పడిపోయేది. అలాంటి మెసేజ్ వస్తే మెసేజ్ యాప్ తెరుచుకునేదే కాదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

అంత పెద్ద కంపెనీకే అలా అయింది. మన ప్రాజెక్టుల్లో మనం ‘ఏబీసీ’, ‘టెస్ట్’ అని కొట్టి, పని చేస్తోంది అనేస్తాం. ‘జ్ఞానేశ్వర్’ అని ఎవరూ కొట్టి చూడరు. మా టీమ్ ఇప్పుడు ప్రతి మార్పు తర్వాత ఆటోమేటిక్‌గా నడిచే చిన్న టెస్టులు రాసింది. వెన్న శాతం సున్నా, ఒక పూట పాలు పోయకపోవడం, పక్షం మధ్యలో రేటు మారడం, పేరు తెలుగులో ఉండటం. స్లిప్పుల మొత్తం, బిల్లు మొత్తం ఒకటేనా అనే టెస్ట్ అన్నిటికంటే ముందు రాశాం.

ఇప్పుడు ఏఐ కోడ్ రాసిస్తోంది కదా, ఇవన్నీ ఎందుకు అని మా క్లాసులోనే కొందరు అడుగుతున్నారు. రాయడం తేలికైంది, నిజమే. కానీ ఆ కోడ్‌ను చదివి, సరైనదో కాదో చెప్పి, రేపు ఎవరైనా అడిగితే జవాబు ఇవ్వాల్సింది మనమే. పాల కేంద్రం దగ్గర ‘ఏఐ అట్లనే ఇచ్చింది’ అని చెప్పలేం.

జూనియర్లకు ఒక చిన్న పని చెప్తాను. వచ్చే ల్యాబ్‌లో మీ ప్రోగ్రామ్ నడిచాక దాన్ని పక్క బెంచ్‌లో ఉన్నవాళ్లకు ఇవ్వండి. అది ఏం చేస్తుందో పైకి చదివి చెప్పమనండి. మీరు మాత్రం నోరు తెరవొద్దు, మధ్యలో “అది కాదు, దాని అర్థం…” అనొద్దు. వాళ్లు ఏ లైన్ దగ్గర ఆగిపోతారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆ లైన్లు మాత్రం మళ్లీ రాయండి. పావుగంట కూడా పట్టదు.